గాయములను మాన్పిన మహాత్ముడు

మోహనదాసు కరంచంద్ గాంధి 1869 అక్టోబరు 2వ తేదీన పోరుబందరులో జన్మించెను. దక్షిణాఫ్రికాలో సత్యాగ్రహమును ఆరంభించి, 1915లో స్వదేశమునకు మరలివచ్చి, స్వరాజ్యమునకై ముప్పది యేండ్లకు పైగా శ్రమించెను. కాని ఆయనకు కఠినపరీక్ష స్వరాజ్యము చేతికందు వేళనే యెదురయ్యెను.

1946లో తూర్పుబెంగాలునందలి నౌఖాలిలో హిందువులు హతులైరి. డెబ్బదియేడేండ్ల యా వృద్ధుడు 1947 జనవరిలో పాదరక్షలు విడిచి, గ్రామగ్రామము కాలినడకను తిరిగి, భీతులకు ధైర్యమును, బాధించినవారికి పశ్చాత్తాపమును బోధించెను. పిదప ముస్లిములు హతులైన బీహారునకేగి, అచ్చటి హిందువులను మందలించెను. ఆయన త్రాసు ఇరుపక్షములకు నొక్కటియే.

ఆగస్టు 15న ఢిల్లీ యుత్సవములలో మునిగియుండగా, ఆయన కలకత్తా బేలియాఘాటలో, పలువురు హిందువులు ద్వేషించిన సుహ్రావర్దితో కలసి యొకే యింట నుండెను. అల్లరులు మరల చెలరేగగా సెప్టెంబరు 1న నిరశనము పూనెను. 4వ తేదీకి నగరము శాంతించెను. కొందరు తమ యాయుధములను తెచ్చి ఆయన ముందుంచిరి.

1948 జనవరి 13న ఢిల్లీలో మరల నిరశనము పూని, వివిధమతముల నాయకులు శాంతిప్రతిజ్ఞ చేసిన పిమ్మట 18న విరమించెను. పండ్రెండు దినములకే, ప్రార్థనకేగుచు, స్వమతస్థుని తుపాకిగుండ్లకు బలియయ్యెను.

పరుల దోషములను లెక్కించుట సులభము. తనవారిని దిద్దుటకు ప్రాణమొడ్డుట దుర్లభము. జాతి గాయములు మానునది ఈ రెండవ మార్గముననే.