ఔషధాన్వేషి యల్లాప్రగడ సుబ్బారావు

నంద్యాలలోనైనా, ఆళ్లగడ్డలోనైనా తీవ్రమైన కీళ్లవాతంతో బాధపడే రోగికి వైద్యులు వారానికొకమారు మాత్రమే వేసుకొమ్మని వ్రాసియిచ్చే మాత్ర ఒకటున్నది. దాని పేరు మెథోట్రెక్సేట్. పిల్లలకు వచ్చే రక్త కాన్సరు చికిత్సలోనూ ఇదే మందును వాడుతారు. దీని పుట్టుకకు దారి వేసిన శాస్త్రవేత్త తెలుగువాడన్న సంగతి దానిని కొనేవారిలో చాలామంది ఎరుగరు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించారు. తండ్రి అనారోగ్యం వల్ల ఉద్యోగం మానుకొనగా కుటుంబం పేదరికం పాలయింది. బాల్యంలో ఆయనకు చదువుపై మనసు నిలువలేదు. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి పోగా, పెద్దలు వెదకి వెనుకకు తెచ్చారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు ఉత్తీర్ణులయ్యారు.

మద్రాసు వైద్య కళాశాలలో ఉన్నప్పుడు గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించడం ఆంగ్లేయుడైన శస్త్రచికిత్సాచార్యునికి ఆగ్రహం కలిగించింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. అంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలో తగిలింది. స్ప్రూ అనే గ్రహణి వ్యాధి కొద్దిరోజుల తేడాతో ఆయన సోదరులిద్దరినీ బలిగొన్నది. తిన్న ఆహారం ఒంటబట్టక, రక్తం క్షీణించి మనిషి కృశించిపోయే ఆ రోగం తరువాత సుబ్బారావునూ పట్టింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో ఆయన బ్రతికి బయటపడ్డారు. ఆ వ్యాధికి మందు కనుగొనాలన్న పట్టుదల ఆయనను జీవితాంతం విడువలేదు.

భార్య శేషగిరిని స్వదేశంలో విడిచి, మామగారి సాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతోను ఆయన అమెరికాలోని బోస్టన్ నగరానికి చేరుకొన్నారు. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం చదువుతూ, పొట్టపోసుకొనేందుకు ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పనిచేశారు.

అక్కడ సైరస్ ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి 1925లో రక్తమూత్రాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. అది నేటికీ వారిద్దరి పేర్లతోనే వాడుకలో ఉన్నది. ఆ కొలత చేతికందిన తరువాత కండరంలో దాగిన ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. కండరాల శక్తికి సంబంధించి నోబెల్ బహుమతి పొందిన సిద్ధాంతాన్నే ఆ పదార్థం మార్చివేసింది. 1929లో వారు ఏ.టి.పి.ని వేరుచేశారు. అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడ దానిని కనుగొన్నారు. జీవకణంలో జరిగే ప్రతి పనికీ శక్తిని అందించే పదార్థమిది. ఇంత చేసినా హార్వర్డు ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి ఇవ్వలేదు.

1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరి, పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అక్కడ ఆయన బృందం బోదకాలుకు హెట్రజాన్‌ను తయారుచేసింది. ఆయన ఆధ్వర్యంలోనే డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. ఇవి సామాన్యమైన విజయాలు కావు. అయినా సుబ్బారావు మనసులో చిరకాలంగా ఉన్నది ఫోలిక్ ఆమ్లం. 1945 నాటికి దానిని ప్రయోగశాలలో తయారుచేయగలిగారు. సోదరుల ప్రాణాలు తీసిన స్ప్రూ వ్యాధికి ఇన్నేళ్లకు మందు దొరికింది.

కథ అక్కడితో ముగియలేదు. రక్త కాన్సరు సోకిన పిల్లలకు ఈ కోవకు చెందిన పదార్థాలను ఇచ్చి చూసిన బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు, రోగం తగ్గకపోగా మరింత ముదిరినట్లు తోచింది. కణం విభజన చెందాలంటే దానికి కొత్త డి.ఎన్.ఏ. కావాలి. దాని తయారీకి ఫోలిక్ ఆమ్లం అవసరం. వేగంగా పెరిగే కాన్సరు కణానికి ఆ అవసరం మరింత ఎక్కువ. అటువంటప్పుడు ఫోలిక్ ఆమ్లంవలె కనిపిస్తూనే దాని పనిని అడ్డగించే పదార్థాన్ని ఇస్తే ఎలా ఉంటుంది? అటువంటి పదార్థమే సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్. తాళంలో దూరి తిరుగక ఇరుక్కుపోయే తాళపుచెవి వంటిది అది. ఫార్బర్ దానిని 16 మంది పిల్లలకు వాడగా 10 మందిలో గుణం కనిపించింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలను ప్రకటించారు. ఉపశమనం తాత్కాలికమే. అయినా వారాలలో మరణం తప్పదనుకొన్న పిల్లలు లేచి తిరగడం అంతవరకు ఎవరూ చూడలేదు.

ఆ ఫలితాలు వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు న్యూయార్కు సమీపంలో గుండెపోటుతో నిద్రలోనే కన్నుమూశారు. వయస్సు 53 సంవత్సరాలు. అమెరికాకు వెళ్లిన తరువాత ఆయన ఒక్కమారైనా స్వదేశానికి రాలేదు. శేషగిరి ఎదురుచూపు తీరనేలేదు. అమినోప్టెరిన్‌కు సన్నిహితమైన మెథోట్రెక్సేట్‌తో 1956లో అమెరికా వైద్యులు గర్భసంబంధమైన ఒక కాన్సరును పూర్తిగా నయం చేశారు. భారత ప్రభుత్వం 1995లో, ఆయన శతజయంతి సంవత్సరంలో, ఆయన చిత్రంతో తపాలాబిళ్ల విడుదల చేసింది.