ప్రూసిక్ అంటే ముడి పేరు కాదు, మనిషి పేరు

 ఈ నెల గోడ పత్రికకు ఒక గొప్పవారి జీవితం రాయమని తెలుగు మేడమ్ నాకు చెప్పిండ్రు. గాంధీజీ, అంబేద్కర్, కొమురం భీం గురించి ఇప్పటికే ఈ గోడ మీద ఎన్నోసార్లు వచ్చింది. అందుకని మనం వారానికి రెండుసార్లు పలికే ఒక మనిషి గురించి రాస్తున్న. మనం పలుకుతం గాని ఆయన మనిషని మనకు తెల్వదు. నాకు కూడా తెల్వదు, మొన్నటి దాక.

తాడు ఎక్కే క్లాసులో కోచ్ సార్ ప్రూసిక్ వెయ్యమంటే మనం సన్నతాడు ఉచ్చును లావు తాడుకు మూడు చుట్లు చుట్టి లాగుతం గదా. ప్రూసిక్ అంటే ఆ ముడి పేరే అనుకున్న. కాదట. కార్ల్ ప్రూసిక్ అనే ఆయన ఇంటిపేరు అది.

ఆయన 1896లో ఆస్ట్రియా దేశంలోని వియన్నా నగరంలో పుట్టిండు. వియన్నా అంటే సంగీతానికి పేరు పడ్డ ఊరు. ఈయన చదివింది కూడా సంగీతమే. లూట్ అని ఒక వాయిద్యం ఉంటది, బొర్ర పెద్దగా, మెడ పొట్టిగా, తీగలు ఎక్కువగా ఉంటయి. దాన్ని వాయించిన వైస్ అనే పాత కాలపు విద్వాంసుని రచనల మీద పరిశోధన చేసి 1923లో డాక్టరేట్ పట్టా పొందిండు. అంటే డాక్టర్ ప్రూసిక్ అన్నమాట. సూది మందు డాక్టర్ కాదు, సంగీతం డాక్టర్. సెలవు దొరికితే కొండలు ఎక్కేటోడు. వియన్నా చుట్టుపక్కల సున్నపురాయి కొండలు నిట్టనిలువుగా ఉంటయి, అవతల ఆల్ప్స్ పర్వతాలు మంచుతో ఉంటయి.

అంతకుముందే, 1914 నుంచి 1918 దాక జరిగిన మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన సైనికుడు. యుద్ధంలో తెగిపోయిన వాయిద్యాల తీగలను అతకడానికి ఈ ముడి లాంటిదే వాడిండని కొండలెక్కేవాళ్ళు చెప్పుకుంటరు. ఈ కథ చదివినంక నాకు ఇంకొకటి తట్టింది. లూట్ మెడ మీద మెట్లు ఉంటయి గదా, అవి ఇనుపవి కావు. పేగు నరాన్ని మెడ చుట్టూ బిగించి కడతరు. బిగువుగా ఉన్నంతసేపు కదలదు. కొంచెం వదులు చేస్తే జరుగుతది. మన దేశంలో సితార్ మెట్లు కూడా ఇట్లనే దారంతో కట్టి ఉంటయి, జరపొచ్చు. బరువు పడితే పట్టుకోవాలె, బరువు తీస్తే జరగాలె, మన ముడి చేసే పని కూడా అదే గదా! లూట్ నుంచే ముడి పుట్టిందని నేను అనను, అది నా సొంత ఊహ. కానీ రోజంతా తీగలు బిగించే చేతులకు ఈ ముడి తట్టడంలో నాకైతే వింత కనపడలేదు.

ఇప్పుడు ఆ కాలంలో కష్టం ఏందో చెప్పాలె. మంచుకొండల మీద నడిచేటప్పుడు మంచు కింద లోతైన పగుళ్ళు ఉంటయి. పైన పలుచటి మంచు కప్పి ఉంటే కనపడవు. అందుకని ముగ్గురు నలుగురు ఒకే తాడుకు కట్టుకొని నడుస్తరు. అప్పుడు మనం వేసుకునే బెల్టు లాంటిది లేదు, జనప తాడును నడుముకే కట్టుకునేవారు. ఒకడు పగులులో పడితే మిగతావాళ్ళు తాడు పట్టుకొని ఆపుతరు. ఆపుడు వరకు బాగనే ఉంటది. పైకి లాగుడే కష్టం. తాడు పగులు అంచున మంచును కోసుకొని లోపలికి దిగబడతది, ఎంత లాగినా రాదు. కింద వేలాడేవాని నడుము తాడు పక్కటెముకలను నొక్కి ఊపిరాడనియ్యదు. దోస్తులు పైన ఉండి, తాడు తెగకుండ ఉండి, దెబ్బ కూడా తగలకుండ, మనిషి మాత్రం చచ్చిపోయేటోడు.

ప్రూసిక్ 1931లో ఆస్ట్రియా కొండల పత్రికలో తన ముడిని, దాన్ని వాడే తీరును ప్రకటించిండు. రెండు సన్నతాడు ఉచ్చులు చాలు. ఒకటి నడుముకు, ఒకటి కాలుకు. పై ఉచ్చు మీద వేలాడుతూ కాలి ఉచ్చును పైకి జరపాలె. కాలి ఉచ్చులో నిలబడితే పై ఉచ్చు వదులైతది, దాన్ని పైకి జరపాలె. మళ్ళా కూచోవాలె, మళ్ళా నిలబడాలె. అట్ల గొంగళిపురుగు లెక్క, ఎవరు లాగకున్నా, పడినోడు తన తాడును తానే ఎక్కి వస్తడు. చిలుము పట్టే ఇనుము లేదు, కొనే యంత్రం లేదు, రెండు తాడు ముక్కలంతే.

ఆ తర్వాత ఆయన ఆస్ట్రియాలో కొండలెక్కేవాళ్ళ సంఘానికి రెండుసార్లు అధ్యక్షుడైండు. 1961లో చనిపోయిండు. మనిషిని దేవుణ్ణి చేసి రాయడం నాకు ఇష్టం లేదు, అందుకే తాడు వరకే రాస్తున్న. ఆయన బతికి ఉండంగనే 1958లో స్విట్జర్లాండ్‌లో జూమర్ అనే పనిముట్టు వచ్చింది. అది పళ్ళతో తాడును పట్టుకుంటది, ఇప్పుడు పెద్ద కొండల మీద అదే ఎక్కువ వాడతరు. అయినా అది చెయ్యి జారి పడిపోతే దిక్కెవరు? అందుకే కొండలెక్కేవాళ్ళు రెండు ప్రూసిక్ ఉచ్చులు బెల్టుకు తగిలించుకునే పోతరు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక కొండకు ప్రూసిక్ శిఖరం అనే పేరు ఉన్నది.

ఇగ నా సంగతి. ఇది రాయకపోతే ఈ జీవితం నాకు ఎందుకు పట్టిందో మీకు అర్థం కాదు.

ఉచ్చు తాడు ఎంత పొడవు కొయ్యాలె? కోచ్ సార్ టేపు ఇయ్యలే. ఎవరి ఒంటితో వాళ్ళే కొలుచుకోవాలన్నరు. చేతులు రెండూ చాపితే బార. మోచేతి నుంచి వేలి చివరకు మూర. బొటనవేలు నుంచి చిటికెనవేలు దాక జాన. పై ఉచ్చుకు ఒక బార, ఒక జాన. కాలి ఉచ్చుకు రెండు బారలకు ఒక మూర తక్కువ. మనిషి బార దాదాపు ఆ మనిషి ఎత్తు అంతే ఉంటది, కాబట్టి పొట్టోళ్ళకు పొట్టి ఉచ్చు, పొడుగోళ్ళకు పొడుగు ఉచ్చు దానంతట అదే వస్తది. నేను 142 సెంటీమీటర్లు. నా పై తాడు 159, కాలి తాడు 242 వచ్చినయి.

అంత తాడు పోసినా ఉచ్చు పొట్టిగనే అయితది, లెక్క చెప్త వినుండ్రి. రెండు కొసలు కలిపి ముడేస్తే 40 సెంటీమీటర్ల దాక ముడికే పోతది. ముడి బయట కొసలు నాలుగు వేళ్ళ వెడల్పన్నా మిగలాలె, లేకపోతే జారే భయం. పెద్ద తాడు 10.5 మిల్లీమీటర్ల లావు, ఉచ్చు తాడు 6. రెండు కలిపి 3.14తో గుణిస్తే ఒక చుట్టుకు 5 సెంటీమీటర్ల పైన. మూడుసార్లు తిప్పితే ఆ పక్క మూడు, ఈ పక్క మూడు, మొత్తం ఆరు చుట్లు. అంటే 31 సెంటీమీటర్లు చుట్లకే. లెక్కల సార్ ఇది చూసి సంతోషపడ్డరు. ఉచ్చు తాడు పెద్ద తాడుకంటే సన్నగా ఉండాలె, సమానంగా ఉంటే పట్టదు. మరీ సన్నగా ఉంటే బిగుసుకొని ఊడిరాదు. తాడు తడిస్తే ఇంకో చుట్టు వెయ్యాలె.

లెక్క ఇంత బాగా వచ్చిన నేను చేసిన పని చూడుండ్రి. బడి వెనక వేపచెట్టు కొమ్మకు తాడు వేసిండ్రు. అందరి ఉచ్చులూ ఎర్రతాడువే, ఒక్క కుప్పల ఉన్నయి. నా వంతు వచ్చిందని ఉబలాటంతో చేతికందింది తీసుకొని బెల్టుకు తగిలించుకొని, బల్ల మీద నిలబడి ముడిని అందినంత పైకి జరిపి, బల్ల దిగిన. అది నాది కాదు. మా క్లాసుల అందరికంటే పొడుగమ్మాయి కాలి ఉచ్చు. నా కాలి ఉచ్చు ఇంకా తగిలించనే లేదు. తాడు బిగుసుకున్నది, ముడి నా తల పైన ఉన్నది. చెయ్యి ఎంత చాపినా వేలి కొసకు, ముడికి మధ్య బెత్తెడు తేడా. పైకి పోలేను, కిందికి రాలేను. కాళ్ళు నేలకు మూరెడు ఎత్తులోనే ఉన్నయి, అందరూ ఒకటే నవ్వుడు. నేను కూడా నవ్విన. కొంచెంసేపైనంక బెల్టు తొడలను కోయబట్టింది, నవ్వు ఆగింది. కోచ్ సార్ మాత్రం మొదటి నుంచి నవ్వలే. బల్ల జరిపి నన్ను దింపి, కింద నేల ఉన్నది కాబట్టి బల్ల జరిపినమని, మంచు పగుల్ల బల్ల ఉండదని మెల్లగా చెప్పిండ్రు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. ఆ ముడి చేసిన మనిషి ఎవరని మర్నాడు సార్‌ను అడిగితే, అప్పుడు తెల్సింది ఈ ప్రూసిక్ కథ.

దసరా సెలవులకు కామారెడ్డిలో బస్సు మారి ఎల్లారెడ్డి దిక్కు మా తండాకు పోయినప్పుడు, పక్క ఊరి గౌడ్ తాతకు ఈ సంగతి చెప్పిన. ఆయన తాటిచెట్లు గీస్తడు. నడుముకు, చెట్టుకు కలిపి మోకు, పాదాలకు గుజి. వెనక్కి ఒరిగితే మోకు చెట్టును పట్టుకుంటది. ముందుకు వంగితే వదులైతది, పైకి ఎగరేస్తడు. ప్రూసిక్‌కు సంగీతం నేర్పినట్టు ఈ తాతకు ఎవరూ నేర్పలే, వాళ్ళ నాయిన మోకు చూసి నేర్చుకున్నడు. తన మోకును ఇంకొకరికి ఇయ్యనని, ఇంకొకరిది తాను కట్టనని ఆయన చెప్పిండు. నేను చేసిన పని విని తల కొట్టుకున్నడు. గీత కార్మికులు చెట్టు మీద నుంచి పడకుండా 2024లో మన తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు ఇయ్యడం మొదలుపెట్టింది. అందుల కూడా కొండలెక్కేవాళ్ళ లాంటి తాళ్ళు, బెల్టులే ఉన్నయి.

కామారెడ్డికి, ఎల్లారెడ్డికి నడుమ తాడ్వాయి వస్తది. పేరులోనే తాడు ఉన్నదని మా బస్సుల ఒక్కదాన్నే నవ్వుకున్న. మలావత్ పూర్ణ అక్క చదివింది అక్కడి గురుకులంలనే. పాకాల అనే పల్లె నుంచి వచ్చి, భువనగిరి గుట్ట మీద రాయి ఎక్కుడు నేర్చుకొని, డార్జిలింగ్‌లో శిక్షణ పొంది, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పుడు అక్కకు 13 ఏండ్ల 11 నెలలు. ఇప్పుడు నాకంటే చిన్న వయసే. ఆమె బార ఎంత ఉండెనో అని ఆ బస్సులనే అనుకున్న.

మా కుప్పల ఉచ్చులు ఇప్పుడు కలవకుండా ఎవరి దానికి వాళ్ళు వేరే రంగు దారం చుట్టినం. నాది పసుపుపచ్చ. కొత్తగా క్లాసుల చేరేవాళ్ళు ఆదివారం టిఫిన్ అయినంక డైనింగ్ హాలు మెట్ల కాడికి రండి. కత్తెర, కొసలు కాల్చడానికి కొవ్వొత్తి వార్డెన్ మేడమ్‌ను అడిగి తెస్త. ఎవరి బార వాళ్ళే చాపాలె, పక్కదాని తాడు చూసి కొయ్యొద్దు.