మంత్రసానులకు గురువైన డాక్టరమ్మ: హిల్డా లాజరస్ గారు

నిర్గమకాండము మొదటి అధ్యాయములో ఇద్దరు మంత్రసానుల పేర్లు వ్రాయబడియున్నవి: షిఫ్రా, పూయా. ఆనాటి ఫరో పేరు ఏదో ఆ గ్రంథము చెప్పలేదు గాని, పసిబిడ్డలను బ్రదికించిన ఆ ఇద్దరు స్త్రీల పేర్లు మరువలేదు. ఈ శతవార్షికోత్సవమున మన పెద్దలను తలంచుకొనుచున్న వేళ, అదే వరుసలో ఒక తెలుగు ఆడబిడ్డను జ్ఞాపకము చేసికొనుట న్యాయమని నాకు తోచినది. ఆమె డాక్టర్ హిల్డా మేరీ లాజరస్ గారు.

ఆమె 1890 జనవరి 23న విశాఖపట్టణములో జన్మించినారు. మన కడపకు 1822లో వచ్చిన లండను మిషను వారు అంతకు ముందే, 1805లో, పని ఆరంభించిన పట్టణమది. ఆమె తాతగారి కాలములో ఆ కుటుంబము బ్రాహ్మణ కులమునుండి క్రైస్తవ విశ్వాసములోనికి వచ్చినది. తండ్రి పేరుపొందిన విద్యావేత్త. ఆడపిల్లకు అక్షరాలే ఎక్కువనుకొను ఆ రోజులలో ఆమె మద్రాసులో బి.ఏ. చదివి, తరువాత వైద్యశాస్త్రము చదివి, ప్రసూతి వైద్యములో బంగారు పతకము పొందినారు. పిమ్మట లండను, డబ్లిన్ నగరములలో పై చదువులు ముగించినారు.

అంత చదువుతో పట్టణములో సొంత వైద్యశాల పెట్టుకొని సుఖముగా ఉండవచ్చును. ఆమె అట్లు చేయలేదు. స్త్రీల వైద్యము కొరకు 1914లో ఏర్పడిన ఉమెన్స్ మెడికల్ సర్వీసులో 1917లో చేరినారు. దానిలో నియమింపబడిన మొదటి భారత స్త్రీ ఆమెయే. ఢిల్లీలోని లేడీ హార్డింజ్ ఆసుపత్రిలో మొదలుపెట్టి, సుమారు 30 సంవత్సరములు దేశములో అనేక చోట్ల ఆసుపత్రులు నడిపినారు. వెళ్లిన చోటి స్త్రీలతో వారి మాటలోనే మాట్లాడవలెనని పలు భాషలు నేర్చుకొన్నారు.

అయితే ఆమె పనిలో ముఖ్యమైనది నర్సులకు, మంత్రసానులకు శిక్షణ ఇచ్చుట. ఎందుకనగా ఆ కాలమున కాన్పులు జరిగినది ఆసుపత్రులలో కాదు, ఇండ్లలోనే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతపు పల్లెలలో మన అవ్వలను అడిగినను ఇదే చెప్పుదురు. మంత్రసానికి అనుభవమున్నది, ధైర్యమున్నది. చేతులు సబ్బుతో కడుగుకొనవలెననియు, బొడ్డు కోయు కత్తిని నీళ్లలో మరిగించవలెననియు ఆమెకు చెప్పినవారు లేరు. తల్లికి బాలింత జ్వరము, బిడ్డకు ధనుర్వాతము వచ్చినది ఆ మలినము వలననే. డాక్టరు ప్రతి గడపకు పోలేడు. ఆ గడప దాటిపోవు మనిషికి నేర్పినయెడల ఇంటింటికి వైద్యము చేరును. ఇది లాజరస్ గారి సేవకు మూలము.

1943లో ప్రభుత్వము సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన దేశ ఆరోగ్యమును విచారించుటకు సంఘమును నియమించగా, లాజరస్ గారు అందులో సభ్యురాలు. 1946లో వెలువడిన ఆ నివేదికలోని లెక్కలు చదువరిని నిలువనీయవు. పుట్టిన 1,000 మంది బిడ్డలలో 162 మంది ఏడాది నిండకముందే చనిపోవుచుండిరి. 1,000 కాన్పులకు సుమారు 20 మంది తల్లులు మరణించుచుండిరి. శిక్షణ పొందిన మంత్రసాని 60,000 జనాభాకు ఒక్కరు. అందుకై 40,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ఉండవలెననియు, అందులో ఇద్దరు డాక్టర్లతో పాటు నలుగురు ఆరోగ్య నర్సులు, నలుగురు మంత్రసానులు, పారిశుధ్యము చూచుటకు ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు ఉండవలెననియు సంఘము చెప్పినది. మందుసీసాతో పాటు మంచినీరు, మురుగుకాలువ, మరుగుదొడ్డి కూడ వైద్యమేనని ఆ నివేదిక తేల్చినది. నేడు మన పల్లెలలో కనబడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములకు బీజము అక్కడనే పడినది.

1947లో ఆ ప్రభుత్వ సేవ ముగిసినది. ఆమె వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వెళ్లి, దానికి మొదటి భారతీయ డైరెక్టరు అయినారు. మగ డాక్టరును రానీయక ఒకే రాత్రి ముగ్గురు గర్భిణులు చనిపోగా, ఆ బాధతో డాక్టరైన ఐడా స్కడ్డర్ గారు 1918లో స్త్రీల కొరకు ప్రారంభించిన పాఠశాల అది. చిన్న వైద్య పట్టా ఇక చెల్లదని 1938లో మద్రాసు ప్రభుత్వము చెప్పుటతో మూతపడు స్థితికి వచ్చి, ఎం.బి.బి.ఎస్. కళాశాలగా ఎదిగినది. 1947లోనే మగ విద్యార్థులను కూడ చేర్చుకొన్నది. ఆ మార్పుల కాలములో 1954 వరకు దానిని నడిపిన చెయ్యి ఒక తెలుగు స్త్రీది. రాయవేలూరు రైలెక్కు మన జిల్లా రోగులలో ఈ సంగతి ఎరిగినవారు కొద్దిమందియే.

తరువాత ఆమె తన విశాఖకే తిరిగివచ్చి అక్కడను సేవ చేసినారు. 1961లో పద్మశ్రీ వచ్చినది. 1978లో ప్రభువునందు నిద్రించినారు.

జమ్మలమడుగులో లండను మిషను వారు స్థాపించిన క్యాంబెల్ ఆసుపత్రి గోడలను చూచి మనము సంతోషింతుము. గోడలు కట్టుట కంటె అందులో నిలుచు మనుష్యులను తయారుచేయుట కష్టము. మన సంఘములలో తెలివైన అమ్మాయి కనబడగానే డాక్టరు కావలెనందుము. నర్సు అవుతాననిన మొగము చిన్నబుచ్చుకొందుము. బంగారు పతకము పొందిన డాక్టరు మంత్రసానుల ప్రక్కన నిలిచి పాఠము చెప్పుటకు చిన్నతనపడలేదు. ఈ నూరేండ్ల పండుగనాడు మనము మార్చుకొనవలసినది ఆ చిన్నచూపే.