పాముల ఆనవాళ్లు పట్టిన వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్

రక్తపింజరిని ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అంటారు. ఆ రస్సెల్ పాములను సేకరించి, పరిశీలించి, పేర్లు రాసుకున్నది విశాఖపట్నం ప్రాంతంలోనే అన్న సంగతి చాలామందికి తెలియదు.

ఎడింబరోలో పుట్టి వైద్యం చదివిన ప్యాట్రిక్ రస్సెల్, సిరియాలోని అలెప్పో నగరంలో దాదాపు రెండు దశాబ్దాలు వైద్యునిగా పనిచేశారు. 1760-62లో అక్కడ ప్రబలిన ప్లేగును గురించి ఆయన రాసిన గ్రంథం 1791లో వెలువడింది. యాభై దాటిన వయసులో, ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న సోదరుడు క్లాడ్‌తో కలిసి ఆయన విశాఖపట్నం చేరారు. 1785లో కోనిగ్ మరణించగా, కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుని పదవి రస్సెల్‌కు దక్కింది.

మొక్కల కోసం నియమితులైన ఆయనను పాములు పట్టి ఉంచాయి. విషసర్పాన్ని సామాన్యులు సైతం సులువుగా గుర్తించే ఉపాయం చెప్పాలన్నది కంపెనీ కోరిక. పొట్ట కింది పొలుసులను, తోక కింది పొలుసులను లెక్కించి జాతిని నిర్ణయించడం నాటి లిన్నేయస్ పద్ధతి. రస్సెల్ ఓపికగా లెక్కించారు. కానీ ఆ లెక్క విషం సంగతి చెప్పదని, నోరు తెరిచి కోరలు చూడక తప్పదని తేలింది. తంజావూరు మాత్ర అనే విరుగుడును కుక్కల మీద, కోళ్ల మీద పరీక్షించారు. ఆ మాత్రలో పాషాణం కూడా ఉండేది!

1796లో వెలువడిన ఆయన పాముల గ్రంథంలో మెచ్చదగినది పేర్ల విషయం. చిత్రపటాలకు ఆయన స్థానికులు పిలిచే పేర్లే పెట్టారు. కాటుక రేకుల పొడ అంటే రక్తపింజరి. బంగారు పాము అన్న మాట నుంచే 1803లో కట్లపాముల ప్రజాతికి బంగారస్ అన్న పేరు వచ్చింది. ఇక బొద్రు పాము అని ఆయన రాసుకున్నది వెదురు పొదల్లో ఉండే పచ్చని పింజరి. ఆ పటాన్ని ఆధారం చేసుకొని 1802లో జార్జి షా దానికి గ్రామినియస్ అనే లాటిన్ పేరు పెట్టారు. తరువాతి కాలంలో ఆగ్నేయాసియాలోని వేర్వేరు పచ్చ పింజరులన్నిటినీ ఆ ఒక్క పేరుతోనే పిలవడంతో పెద్ద గందరగోళం ఏర్పడింది. 1933లో పోప్ దంపతులు దానిని విడదీసి చూపారు.

పసరిక పామును చూసి ఇదేనని భ్రమపడేవారున్నారు. పసరిక తల సన్నగా కొనదేలి ఉంటుంది; దీని తల వెడల్పుగా, ముక్కోణంగా ఉంటుంది. కంటికి, ముక్కు రంధ్రానికి మధ్య ఒక గుంట ఉంటుంది. మన ఆసుపత్రులలో ఇచ్చే విరుగుడు మందు నాగు, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి విషాలకు తయారైనది. ఈ పచ్చ పింజరి వాటిలో లేదు. కనుక కరిచినది ఏ పామో వైద్యునికి తెలియడం ఎంతో అవసరం. అయితే అందుకోసం పామును పట్టబోవడం ప్రమాదం.

ఆ గుంటలను గురించి రస్సెల్, ఎవరార్డ్ హోమ్ కలిసి 1804లో రాయల్ సొసైటీ పత్రికలో రాశారు. వాటి అసలు పని వారి కాలానికి అంతుపట్టలేదు. ఎలుక ఒంటి వెచ్చదనాన్ని చీకటిలో పసిగట్టే అవయవాలవి అని 1937లో నోబుల్, ష్మిట్ నిరూపించారు.

రస్సెల్ 1789లో స్వదేశానికి వెళ్లిపోయారు. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వివరాలను 1803లో ప్రచురించారు. 1805 జూలై 2న కన్నుమూశారు. పాముల గ్రంథం రెండవ సంపుటంలోని చివరి భాగాలు ఆయన మరణానంతరం అచ్చయ్యాయి.