రాబర్ట్ బ్రూస్ ఫుట్

రాబర్ట్ బ్రూస్ ఫుట్ (సెప్టెంబరు 22, 1834 - డిసెంబరు 29, 1912) బ్రిటిషు భూగర్భ శాస్త్రవేత్త. భారతదేశ ప్రాక్చరిత్ర పరిశోధనకు పితామహునిగా ఈయనను పేర్కొంటారు.

జీవితం

ఫుట్ ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో జన్మించాడు. 1858లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో చేరి మద్రాసు రాజధానిలో పనిచేశాడు. 1863 మే 30న మద్రాసు సమీపంలోని పల్లవరంలో ఆయనకు ఒక రాతి పనిముట్టు దొరికింది. భారతదేశంలో పాత రాతియుగపు మానవుడు నివసించాడనడానికి అది తొలి ఆధారమైంది. అదే సంవత్సరం ఆయన గుర్తించిన అత్తిరంపాక్కం పనిముట్లు సుమారు 15 లక్షల సంవత్సరాల నాటివని 2011లో ప్రకటించారు.

ఆంధ్ర ప్రాంతంలో కృషి

15వ అక్షాంశం నుండి మచిలీపట్నం వరకు గల తూర్పు తీరపు భూనిర్మాణంపై ఫుట్ నివేదిక 1879లో వెలువడింది. నేటి ప్రకాశం, గుంటూరు, బాపట్ల జిల్లాల భాగాలు అందులో చేరి ఉన్నాయి. బూదవాడ, వేమవరం, పావులూరు గ్రామాల పేర్లు అక్కడి శిలాస్తరాలకు స్థిరపడ్డాయి. ప్రత్తి, మిరప పండే ఈ మైదానపు పల్లెల పేర్లు ఆ విధంగా భూగర్భ శాస్త్రంలో నిలిచాయి.

1884-85లో బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం గుహలలో త్రవ్వకాలు జరిపి, అనేక జంతువుల ఎముకలను వెలికితీశాడు. కొన్ని ఎముకలు మానవుడు చెక్కిన పనిముట్లని ఆయన భావించాడు. దీనిని పలువురు సందేహించారు. 1970లలో ఎం.ఎల్.కె. మూర్తి సమీపంలోని ముచ్చట్ల చింతమాను గవిలో ఎముక పనిముట్లను కనుగొనడంతో ఆ అభిప్రాయానికి బలం చేకూరింది.

శిలాచిత్రాలు

బళ్ళారి సమీపంలోని కప్పగల్లు కొండపై నూతన శిలాయుగపు గొడ్డళ్ళ తయారీ కేంద్రాన్ని ఫుట్ గుర్తించాడు. ఆ కొండ రాళ్ళపై ఎద్దుల, మనుషుల రూపాలు మలచబడి ఉన్నాయి. వీటి వివరాలను ఫాసెట్ 1892లో ప్రకటించాడు. అప్పటికి ఐరోపాలో ఆల్టమీరా గుహాచిత్రాల ప్రాచీనతపై వివాదం తీరలేదు. 1902లో గాని అది అంగీకారం పొందలేదు.

సమీపంలోని బూడిద దిబ్బలు పశువుల పేడ కాలడం వలన ఏర్పడ్డాయని ఫుట్ చెప్పాడు. 1957లో పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరులో ఆల్చిన్ జరిపిన త్రవ్వకాలు దీనిని ధ్రువపరచాయి. కొండపై ఎద్దు బొమ్మలు ఎందుకు ఎక్కువో దీనివలన కొంత బోధపడుతుంది. అవి పశుపోషకుల జీవనానికి గుర్తులు.

ఆ కొండ వద్ద రాతి క్వారీల వలన చిత్రాలకు నష్టం వాటిల్లుతోందని 2004లో పరిశోధకులు హెచ్చరించారు. లిపి లేని కాలపు ప్రజలకు ఆ రాళ్ళే చరిత్ర గ్రంథాలు. ఒకసారి పగిలితే వాటిని తిరిగి వ్రాయడం సాధ్యం కాదు.

చివరి దశ

ఫుట్ 1891లో పదవీ విరమణ చేశాడు. ఆయన సేకరణను 1904లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం కొనుగోలు చేసింది. ఆ సేకరణ వివరాల గ్రంథాలు ఆయన మరణానంతరం 1914, 1916లలో వెలువడ్డాయి. వస్తువు ఏ ఊరిలో దొరికిందో వ్రాసి ఉంచినందువలన ఆ సేకరణ నేటికీ పరిశోధకులకు ఉపయోగపడుతోంది.