యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు 8, 1948) ప్రముఖ జీవరసాయన శాస్త్రజ్ఞుడు. ఈయన భీమవరంలో జన్మించాడు. పేగులు ఆహారసారాన్ని గ్రహించలేని స్ప్రూ వ్యాధి ఈయన సోదరులలో ఇద్దరిని బలిగొన్నది. ఈయన కూడా ఆ జబ్బు బారినపడి కోలుకున్నాడు. మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1923లో అమెరికా వెళ్ళాడు. హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని కనుగొన్నాడు.

1940లో లెడర్లీ సంస్థలో చేరాడు. ఈయన నేతృత్వంలోని పరిశోధనశాలలో బోదకాలు మందు హెట్రజాన్, సూక్ష్మజీవినాశకం ఆరియోమైసిన్ వెలువడ్డాయి. అక్కడే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందైంది. అయితే కణవిభజనకు, అంటే డి.ఎన్.ఏ. నిర్మాణానికి, ఫోలిక్ ఆమ్లం తప్పనిసరి. విపరీతంగా పెరిగే రక్త క్యాన్సర్ కణాలకూ అంతే. అందుచేత రూపంలో దానిని పోలి, దాని పనిని అడ్డుకొనే అమైనోప్టెరిన్‌ను తయారుచేశారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దానిని 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందికి గుణం కనిపించింది. అది తాత్కాలికమే, కానీ అంతకుముందు ఆ పిల్లలకు ఆ మాత్రం ఆశ కూడా లేదు. ఫలితాలు 1948 జూన్‌లో ప్రచురితమయ్యాయి. రెండు నెలలకే సుబ్బారావు మరణించాడు. అమైనోప్టెరిన్ కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్‌కే కాక, వ్యాధినిరోధక శక్తి సొంత శరీరంపైనే దాడిచేయడం వలన కలిగే కీళ్ళవాతానికి కూడా నేటికీ వాడుతున్నారు.