ఒంటరి యాత్ర వెనుక ఇద్దరి సర్వీసు

మన వరంగల్లుకు సముద్రం లేదు. అయినా సముద్రంతో సంబంధం లేని ఊరు కాదు. ఓరుగల్లును ఏలిన గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. తుపానుకు చెడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు స్వాధీనం చేసుకునేవారు. ఇకమీదట న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోమని ఆ శాసనం వర్తకులకు మాట ఇచ్చింది. తెరచాపను నమ్ముకున్నవారి బతుకు ఎంత గండమో దానివల్ల తెలుస్తుంది. అలా బతికిన ఒక జంట గురించి ఈ ప్రత్యేక సంచికకు రాస్తున్నాను.

జాషువా స్లోకమ్ 1844లో కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టాడు. తండ్రి బూట్లు కుట్టేవాడు. జాషువా చిన్నతనంలోనే ఇల్లు విడిచి ఓడెక్కి, పాతికేళ్ళ వయసుకే కెప్టెన్ అయ్యాడు. 1871 జనవరి 31న సిడ్నీలో వర్జీనియా వాకర్‌ను పెళ్ళాడాడు. ఆమె ఇంటిపట్టున ఉండక భర్త వెంట ఓడెక్కింది. అదే ఏడు అలాస్కాలో సాల్మన్ చేపల వేటకు వెళ్ళినప్పుడు గాలివానకు ఓడ పోయింది. స్లోకమ్ పడవ కట్టించి సిబ్బందినీ, పట్టిన చేపలనూ దక్కించాడు.

1874లో మరో కష్టం వచ్చింది. యజమాని ఓడను మనీలాలో అమ్మేశాడు. భార్యాపిల్లలతో పరాయి దేశంలో కొలువు లేకుండా మిగిలారు. ఫిలిప్పీన్స్‌లోని సుబిక్ తీరాన అడవి పక్కన గుంజల మీద ఇల్లు వేసుకొని, వేరొకరికి ఓడ కట్టిపెట్టి, కూలి కింద ‘పాటో’ అనే చిన్న ఓడ సంపాదించారు. వర్జీనియాకు ఏడుగురు పిల్లలు పుట్టగా నలుగురే దక్కారు. ఓడలోనే వారికి చదువు చెప్పింది. 1882లో ‘నార్తర్న్ లైట్’ ఓడలో సిబ్బంది తిరగబడి మేటును పొడిచి చంపినప్పుడు, రివాల్వరు పట్టుకొని భర్తకు అండగా నిలబడింది. 1884 జులై 25న బ్యూనస్ ఎయిర్స్ రేవులో ఓడ మీదే కన్నుమూసింది. అప్పటికి ఆమెకు నలభై కూడా నిండలేదు.

ఆ తర్వాత స్లోకమ్‌కు కలిసిరాలేదు. 1886లో హెట్టీని రెండో పెళ్ళి చేసుకున్నాడు. 1887 చివర బీమా లేని సొంత ఓడ బ్రెజిల్ తీరంలో ఇసుకమేటకు తగిలి పోయింది. 35 అడుగుల పడవ కట్టి, హెట్టీ కుట్టిన తెరచాపలతో, ఇద్దరు కొడుకులతో కలిసి దాదాపు 5,500 మైళ్ళు నడుపుకొని అమెరికా చేరాడు. హెట్టీ ఆ తర్వాత ఆయనతో సముద్ర ప్రయాణానికి పోలేదు. ఆమెను తప్పుపట్టలేం.

అప్పటికి ఆవిరి ఓడలు వచ్చేశాయి. తెరచాప కెప్టెన్లకు పని లేదు. పాతికేళ్ళ అనుభవం ఉన్నవాడు ఓడల యార్డులో చిల్లర పనులు చేశాడు. 1892లో ఒక మిత్రుడు పొలంలో పడివున్న శిథిలమైన పడవను ఊరికే ఇచ్చాడు. పదమూడు నెలలు శ్రమించి, 553 డాలర్ల 62 సెంట్లు ఖర్చుపెట్టి ‘స్ప్రే’ను కొత్తదిగా చేశాడు. 51 ఏళ్ళ వయసులో, 1895 ఏప్రిల్ 24న బోస్టన్ నుంచి బయలుదేరి, 46,000 మైళ్ళు తిరిగి, 1898 జూన్ 27న న్యూపోర్ట్ చేరాడు. ప్రపంచాన్ని పడవలో ఒంటరిగా చుట్టిన మొదటివాడు ఆయనే. ఆయనకు ఈత రాదు! 1900లో వెలువడిన ఆయన పుస్తకం నేటికీ అచ్చవుతోంది. చివరకు అదే పడవలో వెళ్ళి తిరిగి రాలేదు. 1924లో మరణించినట్టు చట్టప్రకారం ప్రకటించారు.

మన వంటి రిటైరైన వారికి ఈ జీవితం చెప్పేవి రెండు. కొలువు పోయినంత మాత్రాన పనితనం పోదు. రెండోది నాకు ఇంకా ముఖ్యమైనది. ఒంటరి యాత్రికుడని లోకం మెచ్చిన మనిషి నడిసముద్రంలో నిలబడగలిగిన ధైర్యం వెనుక పదమూడేళ్ళు ఇద్దరూ కలిసి పడ్డ పాట్లున్నాయి. వర్జీనియాకు జీతం లేదు, హోదా లేదు. బదిలీ ఆర్డరు వచ్చిన ప్రతిసారీ సామాను కట్టి, పిల్లల బడి మార్పించిన మన ఇల్లాళ్ళ పేర్లు కూడా ఏ సర్వీసు రిజిస్టరులోనూ ఉద్యోగం చేసినట్టు నమోదు కాలేదు. మనవలకు మన సర్వీసు గురించి చెప్పేటప్పుడు ఆ పేరు కూడా కలిపి చెబుదామని నా మనవి.